బావ నోటుబుక్కులో ఖాళీ వరస

షెఫీల్డ్
2 మార్చి 2012

చి. రాజుకు,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టబోయి కలం ఆపేశాను. అందరం అనడానికి ఈ ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే కదా. కాబట్టి నేను క్షేమం.

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. నా కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి పెట్టిన మిషను ఫోను దగ్గరికి తేగానే కుయ్యిమని అరుస్తుంది. మొన్న మా డాక్టరుగారి క్లినిక్కు నుంచి ఎవరో ఫోను చేస్తే, ఏమడుగుతున్నారో వినపడక అన్నిటికీ యస్ అన్నాను. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది, సిగరెట్లు మాన్పించే క్లాసులో నన్ను చేర్చుకున్నారట. అందుకని ఇక నాతో మాట్లాడాలంటే కాగితమే.

నీతో ఒక పని పడింది. పని లేకపోతే రాసేదానివా అంటే, ఏమో, రాసేదాన్ని కాదేమో. మీ బావ పోయి నాలుగు నెలలైంది. పదోరోజుకి నువ్వు రాలేదు. ఆ సంగతి ఎత్తకూడదనుకుని కూర్చున్నాను, ఎత్తేశాను. సరే పోనీ.

ఆయన నీలం అట్ట నోటుబుక్కు నీకు గుర్తుండే ఉంటుంది. కెనడావాళ్ళ ఫుట్‌బాల్, 1909 నాటి సీజను. అప్పట్లో దాన్ని రగ్బీ ఫుట్‌బాల్ అనేవారట. ఏ ప్రాంతపు యూనియన్‌లో ఏ జట్టు ఎవరితో ఆడింది, ఎంతకి గెలిచింది, అన్నీ స్కేలు పెట్టి గీతలు గీసి రాసుకున్నారు. ఇరవై ఏళ్ళ పని. ఇంకా పదకొండు వరసలు ఖాళీగా ఉన్నాయి. లండన్‌లో మీ హారోకి దగ్గరలో కాలిండేల్‌లో పాత పత్రికల లైబ్రరీ ఉందనీ, కెనడా పత్రికలు కూడా అక్కడ ఫిల్ము మీద చూపిస్తారనీ ఒక చీటీ మీద రాసి అందులో పెట్టుకున్నారు. కింద "రాజుని అడగాలి" అని రాసి, మళ్ళీ కొట్టేశారు.

ఆయన అడగలేదు. నేను అడుగుతున్నాను. వెళ్తావా?

అక్క


హారో
19 మార్చి 2012

అక్కకు నమస్కారాలు.

నీ దస్తూరీ చూసి పదేళ్ళు కావస్తోంది. కవరు మీద నా పేరు చూసి, ఎవరో కొట్టబోతున్నట్టు కాసేపు దూరంగా పెట్టి కూర్చున్నాను. విప్పాక చూస్తే పనే చెప్పావు. బతికాను.

జనవరిలో నాకు ట్యూబ్ రైలు టికెట్ ఆఫీసు నుంచి విముక్తి లభించింది. ముప్పై రెండేళ్ళు అద్దం వెనక కూర్చుని ఊళ్ళోవాళ్ళందరికీ ఎటు వెళ్ళాలో చెప్పాను. ఇప్పుడు పొద్దున్న లేస్తే నేనెటు వెళ్ళాలో చెప్పేవాడు లేడు. ఈ సమయంలో నువ్వు కాలిండేల్ వెళ్ళమన్నావు. రెండు బస్సులు మారాలి. వెళ్తాను.

ఆ పదకొండు వరసలూ ఒక కాగితం మీద ఎక్కించి పంపు. ఆటంటే నాకేమీ తెలీదని గుర్తుంచుకుని రాయి. క్రికెట్ తప్ప మిగతావన్నీ నాకు ఒకటే.

మీ మరదలు బేబీ నిన్ను అడిగానని రాయమంది. ఇంట్లో అంతా కులాసా.

ఆ చీటీ మీద కొట్టేసింది పెన్సిలుతోనా, పెన్నుతోనా? పోనీలే, చెప్పకు.

రాజు


షెఫీల్డ్
10 జూన్ 2012

ఒరే రాజూ,

పెన్నుతోనే. రెండుసార్లు.

వరసలు వేరే కాగితం మీద ఉన్నాయి. వాటితోపాటు నువ్వు తెలుసుకోవలసినవి రెండున్నాయి. మొదటిది, ప్రతి వరస చివరా "ఆధారం" అని ఒక గడి ఉంటుంది. పత్రిక పేరు, తేదీ, పేజీ. తన కళ్ళతో అచ్చులో చూడనిది ఆయన రాయరు. ఒకసారి నేను, "ఎవరు చూడొచ్చారండీ, ఏదో అంకె వేసెయ్యండి, పుణ్యముంటుంది" అన్నాను. రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. పెళ్ళైన నలభై ఏళ్ళలో ఆయన అలిగింది ఆ ఒక్కసారే.

రెండోది అసలు సంగతి. ఆయన మన దేశం నుంచి నేరుగా షెఫీల్డ్ రాలేదు. 1968లో ముందు ఆస్పత్రి ట్రైనింగుకని కెనడాలో హామిల్టన్ వెళ్ళారు. ఇరవై ఆరేళ్ళు, మన మనిషి అనేవాడు చుట్టుపక్కల లేడు. మిసెస్ డాసన్ అనే ముసలావిడ ఇంట్లో మేడమీద గది. శనివారాలు ఆవిడతో కూర్చుని టీవీలో ఆట చూసేవారు. ఆవిడ తండ్రి పక్క ఊళ్ళో మిల్లు పనివాడు, ఒంటారియో యూనియన్‌లో ఒక చిన్న జట్టు తరఫున 1909లో ఆడాడట. "నేనూ ఒక పాయింటు కొట్టాను" అని చచ్చేదాకా చెప్పేవాడట. ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఆవిడా నమ్మలేదు. తండ్రి పోయాక ఆవిడకి అదే బాధ. మీ బావ ఆవిడకి మాటిచ్చారు, కనిపెట్టి చెప్తానని. ఆవిడ ఎప్పుడో పోయింది. మాట మాత్రం ఈయన దగ్గరే ఉండిపోయింది. ఆ ఒక్క ఆట కోసం మొదలుపెట్టి, సీజను మొత్తం రాసుకొచ్చారు.

నీకిచ్చిన కాగితంలో ఆఖరి వరస అదే. మిగతావి చేత్తో రాసి పంపినా చాలు. అది దొరికితే మాత్రం కాపీ తీయించి పంపు. నోటుబుక్కులో అతికిస్తాను.

ఆ ఆటలో ఒక విచిత్రం ఉందిరా. గోలు కోసం తన్నిన బంతి గురి తప్పి వెనక్కి పోయినా సరే, అవతలివాళ్ళు దాన్ని గీత దాటించి బయటికి తేలేకపోతే, తన్నినవాడికి ఒక పాయింటు ఇస్తారు. గురి తప్పినందుకు కూడా ఏదో ఒకటి ఇచ్చే ఆట లోకంలో ఇదొక్కటే అని మీ బావ మురిసిపోయేవారు.

బేబీ అడిగిందని రాశావు. అడిగేదేదో తనే రెండు ముక్కలు రాయొచ్చుగా.

అక్క


హారో
23 అక్టోబరు 2012

అక్కకు,

ఎనిమిది వరసలు దొరికాయి. ఆధారంతో సహా విడిగా రాశాను. నా చేతిరాత చూసి బావ ఏమనేవారో తెలీదు కానీ, అంకెలు రెండేసి సార్లు సరిచూశాను.

ప్రతి మంగళవారం వెళ్తున్నాను. లైబ్రరీ చూడ్డానికి పాత ఫ్యాక్టరీలా ఉంటుంది. లోపల చీకటి గదిలో మిషన్ల ముందు నాలాంటి ముసలివాళ్ళు పదిమంది. చక్రం తిప్పుతుంటే వందేళ్ళ కిందటి పేజీలు కళ్ళముందు పరిగెడతాయి. మొదటి వారం మాటిమాటికీ ఆపి కళ్ళు మూసుకున్నాను. ఇప్పుడు అలవాటైంది. నా పక్క కుర్చీ ఆయన స్కాట్లండు మనిషి, తాతగారి గుర్రం గెలిచిన పందేల కోసం వెతుకుతున్నాడు. నాలుగు నెలలుగా పలకరించుకుంటున్నాం, పేర్లు మాత్రం అడుక్కోలేదు.

ఆ ఏడాది ఫైనల్ చదివాను. ఒకవైపు టొరొంటో యూనివర్సిటీ కుర్రాళ్ళు. ఇంకోవైపు పార్క్‌డేల్ అనే పడవల క్లబ్బువాళ్ళు. వేసవిలో తెడ్లు వేసేవాళ్ళు చలికాలం బంతి తన్నేవారన్నమాట. 26-6, కుర్రాళ్ళదే గెలుపు. గవర్నర్ జనరల్ కప్పు ఇస్తానన్నాడు. ఆట అయిపోయింది, జనం చప్పట్లు కొట్టారు, తీరా చూస్తే కప్పు తయారవలేదు! మార్చిలో ఇచ్చారట. మూడు నెలలు ఆ కుర్రాళ్ళు గెలిచామని వట్టి చేతులతో చెప్పుకుని తిరిగి ఉంటారు.

మిసెస్ డాసన్ నాన్నగారు ఇంకా దొరకలేదు. చిన్న జట్ల వార్తలు ఎక్కడో మూల, నడుము బిగించే కోర్సెట్ల ప్రకటనకీ దగ్గుమందు ప్రకటనకీ మధ్య చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. తేదీ తెలీదు. రోజుకో నెల తిరగేస్తున్నాను.

బేబీకి మోకాళ్ళ నొప్పులు. అందుకే రాయలేదు.

రాజు


షెఫీల్డ్
4 ఫిబ్రవరి 2013

రాజూ,

మోకాళ్ళతో ఉత్తరాలు రాస్తుందా మీ ఆవిడ?

నేను కోపంగానే రాస్తున్నాను. ఏడాదిలో నువ్వు రాసినవి రెండు ఉత్తరాలు. ఒక్కదాంట్లోనూ తన చేత్తో "వదినా, ఎలా ఉన్నావు" అని లేదు. మీ బావ పోయినప్పుడూ లేదు. నేనేం చేశానని? నిన్ను ఈ దేశం తీసుకొచ్చింది నేను, పెళ్ళిచూపులకి నీ కోటు ఇస్త్రీ చేసింది నేను.

ఇక్కడ మంచు మోకాలి దాకా పడింది. వారం రోజులు తలుపు తియ్యలేదు. ఆదివారం పోస్టు రాదని తెలిసీ తలుపు దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. ఒకరోజు పొద్దున్నించీ నోరు విప్పలేదని సాయంత్రం గుర్తొచ్చి, నా గొంతు ఉందో లేదోనని నోటుబుక్కు తీసి అంకెలు పైకి చదివాను. నాకు ఎలాగూ వినపడలేదనుకో.

ఇంటినిండా మనుషులున్నవాడివి, ఇదంతా నీకు ఎలా తెలుస్తుంది. ఆ మూడు వరసలు తొందరగా చూడు. నా వయసు పెరుగుతోంది.

సరోజ


హారో
2 సెప్టెంబరు 2013

అక్కకు,

చాలా రోజులైంది, కోప్పడు. నీ ఫిబ్రవరి ఉత్తరానికి జవాబు ఆరుసార్లు మొదలుపెట్టాను. ఇంటినిండా మనుషులు అన్న దగ్గర ఆగిపోతున్నాను.

ముందు కబురు. కాకినాడలో ఆండాళమ్మ అత్తయ్య బాత్రూములో జారిపడింది. తుంటి ఎముక. ఆస్పత్రిలో చేర్చారు. తొంభై ఏళ్ళ మనిషి, డాక్టర్లు ఏమీ చెప్పడం లేదని వాళ్ళబ్బాయి ఫోనులో ఏడ్చాడు. అమ్మ పోయాక మనిద్దరినీ సాకిన మనిషి. నీకు ఫోను వినపడదు కాబట్టి ఏ సంగతైనా నేనే రాస్తాను. ఏం తెలిసినా వెంటనే రాస్తాను.

రెండోది, కాలిండేల్ లైబ్రరీ మూసేస్తున్నారు. నవంబరు మొదటి వారమే ఆఖరు. రెండు వరసలు దొరికాయి. మిగిలింది డాసన్‌గారి నాన్నది ఒక్కటే. ఇకనుంచి వారానికి మూడు రోజులు వెళ్తాను.

రాజు


హారో
16 సెప్టెంబరు 2013

అక్కా,

దొరికింది. ఈ కాగితం అవతలి వైపు చూడు. పేజీలో కిందమూల, దగ్గుమందు పక్కన, ఆరే ఆరు వాక్యాలు. మిషను కాపీ ఇలాగే వస్తుంది, మసక మసగ్గా. దీని వెనకే రాసేస్తున్నాను, వేరే కాగితం తీసుకుంటే మళ్ళీ ధైర్యం పోతుంది.

ఆయన పాయింటు కొట్టాడక్కా. ఊరి జట్టు చిత్తుగా ఓడిపోయింది. వాళ్ళకి మొత్తానికి వచ్చింది ఒకే ఒక్క పాయింటు. అది ఆయనదే, పేరుతో సహా ఉంది. గోలు తప్పింది, బంతి వెనక్కిపోయింది, అవతలివాడు బురదలో జారి తేలేకపోయాడు. చదివి అక్కడే ఏడ్చాను. గుర్రాల ఆయన తన రుమాలు ఇచ్చాడు.

ఇప్పుడు నా సంగతి. బావ షష్టిపూర్తి రోజున, మీ ఊళ్ళో ఆ హాల్లో, భోజనాల దగ్గర ఆయన నోటుబుక్కు తీసుకుని అందరిముందూ క్రికెట్ కామెంటరీలా చదివాను. జనం నవ్వారని ఇంకా చదివాను. బావ వచ్చి, నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, మూసి, వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది. రేపు క్షమించమని అడుగుదామనుకున్నాను. రేపు తొమ్మిదేళ్ళయింది, ఆయన పోయారు.

పదోరోజుకి నేను రాలేదని రాశావు. వచ్చాను. షెఫీల్డ్‌లో రైలు దిగి, నడిచి, మీ వీధి మలుపు దాకా వచ్చాను. గుమ్మం బయట జోళ్ళు వరసగా ఉన్నాయి. ఆయన పుస్తకాన్ని చూసి నవ్విన నోటితో ఆ ఇంట్లో అన్నం ఎలా తినడం అనిపించింది. వెనక్కి వెళ్ళిపోయాను.

బేబీ ఇక్కడ లేదు. మా అమ్మాయి సిరికి న్యూకాసిల్‌లో ఆస్పత్రి ఉద్యోగం, డ్యూటీలు ఎప్పుడు ఎలా ఉంటాయో తెలీదు, ఇద్దరు పసిపిల్లలు. మూడు నెలలని వెళ్ళింది, రెండున్నర ఏళ్ళయింది. పోట్లాట ఏమీ లేదు. ఆవిడ అవసరం అక్కడుంది, అంతే. నీకు చెప్పడానికి సిగ్గేసింది. బేబీ అడిగిందని రాసినవన్నీ నేను అడిగినవే.

నన్ను ఒక్కసారి రమ్మంటే వస్తాను.

రాజు


షెఫీల్డ్
21 సెప్టెంబరు 2013

రాజూ,

నీ కవరు అందింది. కాగితం విప్పుతుండగానే తెలిసిపోయింది. చదవలేదు. చదవలేను. చింపేసి తలస్నానం చేశాను. మూడు రోజులు దేవుడి దగ్గర దీపం పెట్టలేదు.

పేరు రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. ఇంత దూరంలో ఉండి ఎవరికి ఏం చెయ్యగలిగాం మనం. నా మనసు కుదుటపడ్డాక నేనే రాస్తాను. అందాకా నువ్వు రాయకు. దాని గురించి అసలే రాయకు.

అక్క


హారో
14 అక్టోబరు 2013

అక్కకు,

రాయొద్దన్నావు. మూడు వారాలు ఆగాను. ఇది నాకోసం రాస్తున్నది కాదు. అత్తయ్య కబురు నీకు చేరవెయ్యడం నా బాధ్యత అని మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను.

అత్తయ్య ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చింది. కర్ర పట్టుకుని వసారా దాకా నడుస్తోంది. నిన్న తనే ఫోను చేసి, "సరోజ చెవి ఎలా ఉందిరా, వెల్లుల్లి నూనె వెయ్యమన్నానని చెప్పు" అంది. చెప్పాను.

ఇక నువ్వు చింపిన దాని గురించి. తప్పు నాదే, న్యాయం నీదే. తిడతావనుకున్నాను, జవాబు ఇవ్వవేమో అనుకున్నాను. చదవకుండా చింపి, తలస్నానం చేసి, దీపం మానేసి, బతికున్న తమ్ముడికి మైల పడతావని మాత్రం అనుకోలేదు. లైబ్రరీకి వెళ్ళడం మానేశాను. ఇక ఎందుకు.

వెల్లుల్లి నూనె మరీ వేడిగా వెయ్యకు.

రాజారావు


షెఫీల్డ్
17 అక్టోబరు 2013

ఒరే రాజూ! ఒరే పిచ్చివెధవా!

అత్తయ్య బతికుందా?

నేను అత్తయ్య పోయిందనుకున్నానురా! కవరు విప్పితే నాలుగంచులా నల్లటి నలుపు. అంతకుముందే అత్తయ్య ఆస్పత్రిలో ఉందని రాశావు, ఏం తెలిసినా వెంటనే రాస్తానన్నావు. మన ఇళ్ళలో నల్ల అంచు కాగితం అంటే ఏమిటి? చావు కబురు. అది చేతికి అందితే ఏం చెయ్యాలి? చింపెయ్యాలి, తలమీద నీళ్ళు పోసుకోవాలి, ఆ కాగితం ఇంట్లో ఉండకూడదు. మనకి చిన్నప్పుడు ఇదంతా నేర్పించింది ఆ అత్తయ్యే! లైబ్రరీ మిషను కాపీకి నల్ల అంచు పడుతుందని నాకేం తెలుసు? నువ్వు ఏడాదిన్నరగా వాటిని చూసి చూసి నీ కంటికి ఆ నలుపు ఆనలేదు.

మూడు వారాలు ఏడ్చాను. అత్తయ్యకి ఇష్టమని బొబ్బట్లు చేసి, ఆవిడ పేరు చెప్పి పక్కింటి పోలండు దంపతులకి పెట్టాను. పాపం వాళ్ళు సానుభూతి కార్డు తెచ్చిచ్చారు. దాన్ని ఇప్పుడు ఎక్కడ పెట్టుకోను?

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత రెండోసారి చదివాను. బతికున్న తమ్ముడికి మైల పడతావని అన్న చోట కూర్చుండిపోయాను. నీకు మైల పడతాననుకున్నావా, రాజూ? నేను?

ముక్కలకోసం చెత్త కాగితాలు వేసే నీలం డబ్బా తీసి చూశాను. కౌన్సిల్ చెత్తబండివాళ్ళు ఎప్పుడో ఖాళీ చేసుకెళ్ళిపోయారు. దాంట్లో ఏం రాశావు? ఆట దొరికిందా? ఇంకా ఏమన్నా రాశావా? వెంటనే రాయి. తెల్ల కాగితం మీద రాయి.

అక్క


హారో
9 నవంబరు 2013

అక్కా,

నీ ఉత్తరం బస్సులో చదివాను. పక్కన కూర్చున్న పంజాబీ ఆంటీ మంచినీళ్ళ సీసా ఇచ్చి, ఒంట్లో బాగోలేదా అని అడిగింది. చాలా బాగుందని చెప్పాను.

మొదటిసారి రాసినప్పుడు చాలా రాశాను. ఇప్పుడు నాలుగు మాటలే వస్తున్నాయి. షష్టిపూర్తి రోజున బావ పుస్తకం చదివి నవ్వించినందుకు క్షమించమని అడగాలనుకుని, ఆయన ఉండగా అడగలేదు, నిన్ను అడుగుతున్నాను. పదోరోజున మీ వీధి మలుపు దాకా వచ్చి, గుమ్మం బయట జోళ్ళు చూసి వెనక్కి వెళ్ళిపోయాను. బేబీ రెండున్నర ఏళ్ళుగా న్యూకాసిల్‌లో సిరి పిల్లల దగ్గర ఉంది, ఈ ఇంట్లో నేనొక్కణ్ణే. ఆఖర్న ఇంకొకటి అడిగాను, అది మళ్ళీ రాయలేను.

ఆట దొరికింది. ఆయన నిజంగానే పాయింటు కొట్టాడు. గురి తప్పిన బంతికి వచ్చిన పాయింటు, వాళ్ళ జట్టుకి వచ్చింది అదొక్కటే. నీ ఉత్తరం అందిన మర్నాటి నుంచి లైబ్రరీ మూసేదాకా రోజూ వెళ్ళాను, మళ్ళీ కాపీ తీద్దామని. దొరకలేదక్కా. కాపీ చేతిలో ఉంది కదా అని ఆ వేళ తేదీ, పేజీ రాసుకోలేదు. నా తెలివితక్కువతనం. నిన్న ఆఖరు రోజు. గంట కొట్టేదాకా చక్రం తిప్పాను. గుర్రాల ఆయనకి కూడా ఆయన గుర్రం దొరకలేదు. వెళ్ళేటప్పుడు పేర్లు చెప్పుకున్నాం. ఆయన పేరు డంకన్.

ఆయన జట్టుకి ఒకటి అన్నది మాత్రం ఖాయం. అవతలివాళ్ళది పద్నాలుగో పదిహేడో సరిగా గుర్తులేదు. ఆధారం లేనిది బావ రాయరు కాబట్టి ఆ వరస ఖాళీగానే ఉంచు. ఫిల్ములు వచ్చే ఏడు ఇంకోచోట చూపిస్తారట. అప్పుడు మళ్ళీ వెతుకుతాను. అరవై మూడేళ్ళు వచ్చాయి, ఇంకో ఏడాది ఆగలేనా.

రాజు


షెఫీల్డ్
15 నవంబరు 2013

చి. రాజుకు,

కవరు విప్పగానే వేళ్ళకి పసుపు అంటితే కంగారు పడకు. నాలుగు మూలలా నేనే రాశాను, ఇంకెప్పుడూ మనిద్దరి మధ్య ఏ కాగితానికీ అనుమానం రాకుండా. పోస్టాఫీసు అమ్మాయి కూర మరక అనుకుని టిష్యూ ఇచ్చింది.

షష్టిపూర్తి నాటి సంగతి. ఆయన బాధపడలేదని అబద్ధం రాయను. పడ్డారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పుస్తకం ముందేసుకుని చాలాసేపు కూర్చున్నారు. ఏమండీ, వాడు చిన్నవాడు, వదిలెయ్యండి అన్నాను. అప్పుడాయన ఏమన్నారో తెలుసా? "రాజు ఒట్టావా స్కోరు తప్పు చదివాడు సరోజా. సరిదిద్దుదామని వెళ్ళాను. అందరూ నవ్వుతున్నారు, చెప్తే ఇంకా నవ్వుతారని పుస్తకం తెచ్చేసుకున్నాను" అన్నారు. ఇన్నేళ్ళూ నువ్వు మొయ్యాల్సింది అందులో సగమే. ఆ సగానికి నేను క్షమించాను. ఆయన తరఫున క్షమించే హక్కు నాకుందో లేదో తెలీదు, ఉందనుకుంటున్నాను.

బేబీ అడ్రసు పంపు. మోకాళ్ళ మీద నేనేసిన నింద ఉపసంహరించుకుంటూ విడిగా రాస్తాను. నువ్వు ఒంటరిగా ఉన్నావని చెప్పకుండా, ఇంటినిండా మనుషులని నాచేత అనిపించుకున్నావు చూడు, దానికి మాత్రం ఇంకా కోపంగానే ఉంది. నూట యాభై మైళ్ళ దూరం మనిద్దరికీ. ఇద్దరం చెరో ఇంట్లో చెరో గిన్నెడు అన్నం వండుకుని, నేను బాగున్నాను, నువ్వు బాగుండు అని రాసుకున్నాం.

నువ్వు మళ్ళీ రాయలేనన్నది నేను చదవలేదు. కానీ నేనే అడుగుతున్నాను. మంగళవారాలు నీకిప్పుడు వెళ్ళడానికి చోటు లేదు కదా, ఇక్కడికి రా. వచ్చే మంగళవారమే రా. వీధి మలుపు దగ్గర ఆగకు. జోళ్ళు గుమ్మం బయట విడవకు, లోపలికి తెచ్చుకో. బెల్లు నాకు వినపడదు, అందుకని పొద్దున్నించీ తలుపు తీసే ఉంచుతాను.

ఖాళీ వరస గురించి. నిన్న ఆయన పెన్ను తీసి, సిరా పోసి కూర్చున్నాను. వచ్చే ఏడాది దాకా ఆగమన్నావు. ఆ డాసన్‌గారి నాన్న చెప్తే ఇంట్లో ఎవరూ నమ్మలేదు కదరా. అచ్చులో కనపడితేనే నమ్ముతామన్నారు. నువ్వూ నేనూ కూడా అదే పని చేస్తే ఎలా. అందుకని రాసేశాను. జట్టు పేరు, అవతలి జట్టు పేరు. వాళ్ళకి పద్నాలుగు లేక పదిహేడు. వీళ్ళకి ఒకటి.

ఆ పక్కన ఆధారం గడి. పత్రిక పేరు, తేదీ, పేజీ రాయాల్సిన చోట, ఆయన రాసే సైజు అక్షరాల్లోనే "రాజు చూశాడు" అని రాశాను. చీటీ మీద కొట్టేసిన నీ పేరు పుస్తకంలోకి ఎక్కింది. సిరా ఆరేదాకా చూసి మూశాను.

మీ అక్క
సరోజ